అలిగిపోయిన ఆకలి

దసరా పోయిన వారం కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి వైపు బస్సు కోసం నిలబడి ఉన్నాను. నీలిరంగు టార్పాలిన్ చుట్టను భుజాన వేసుకున్న ఒక మనిషి నన్ను దాటి పోయి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

"అక్కా, నువ్వు ఎల్లారెడ్డి అక్కవే గదా? దవాఖానల మా అవ్వ పక్క మంచం మీద ఉంటివి."

అప్పుడు గుర్తుపట్టాను. జుక్కల్ అవ్వ కొడుకు. తల్లినీ తన కొడుకునూ ఇంటికి తీసుకుపోవడానికి ఆ వార్డుకు ఒక్కసారి వచ్చాడు. అప్పటికన్నా ఇప్పుడు చెంపలు లోపలికి పోయాయి.

"అవ్వ ఎట్లుంది తమ్మీ? పెసర్ల కాలం పోయినా ఈసారి రాలేదు. వానలకు ఆగిందేమో అనుకున్న."

అతను టార్పాలిన్ కింద పెట్టాడు.

"అవ్వ పోయిందక్కా. తొలకరి పడ్డంక. జరమొచ్చింది, గంతే. పొద్దుగాల లేపుతె లేవలే. నీకు చెప్పాల్నని ఉండె. నీ ఇల్లు అవ్వకే ఎరుక, మాకెవ్వలికి ఎరుక లేదు."

అంతలో బస్సు వచ్చింది. ఇద్దరం అదే బస్సు ఎక్కాం. నేను ఎల్లారెడ్డిలో దిగుతాను, అతను నిజాంసాగర్ మీదుగా ఇంకా చాలా దూరం పోవాలి. బస్సు ఊరు దాటింది. కిటికీ బయట కోసిన మక్క చేలు వెనక్కి పోతున్నాయి. నా చెవిలో మాత్రం అవ్వ గొంతు నడుస్తూనే ఉంది.

ఆమె పేరు నాకు తెలుసు. ఆ పేరుతో ఎన్నడూ పిలవలేదు గనక ఇక్కడా రాయబుద్ధి కావడం లేదు. వార్డులో అందరికీ ఆమె జుక్కల్ అవ్వ.

ఆ వార్డు గుమ్మం మీద పెద్ద పేరే రాసి ఉండేది గానీ మేమెవ్వరం దాన్ని పలకలేదు. బక్కపిల్లల వార్డు అనేవాళ్లం. తిండి చాలక ఎండిపోయిన పిల్లల్ని తల్లులతో సహా చేర్చుకుని, కొద్దికొద్దిగా పాలు పట్టి, తర్వాత మెత్తటి తిండి పెట్టి లేవదీసే చోటు అది. నా బిడ్డకు అప్పటికి ఏడాదిన్నర. విరేచనాలు పట్టుకుని ఎంతకీ తగ్గలేదు. మా వాడకట్టు అంగన్‌వాడీ టీచరు దాని మోచేతి పైన రెట్టకు కొలత పట్టీ చుట్టి చూసింది. పట్టీ ఎర్రరంగు దగ్గర ఆగింది. ఆమె నన్నేమీ అనలేదు. "రేపే కామారెడ్డి పో చెల్లే" అని మాత్రం అంది.

నేను ఇంటర్ చదివాను. మా ఆయన ఆటో నడుపుతాడు. మా ఇంట్లో పొయ్యి వెలగని పూట లేదు. మన బిడ్డకు గిట్లెందుకైతది అని దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. కానీ ఆ ఏడు వాన సరిగా లేదు, ఆటోకు గిరాకీ లేదు, నేను పొద్దున పోతే పొద్దుగూకేదాకా పత్తి చేన్లలో ఉండేదాన్ని. బిడ్డ మా అత్తమ్మ దగ్గర చాయిలో ముంచిన బిస్కెట్లతో, కిరాణా దుకాణంలో వేలాడే ప్యాకెట్లతో పొద్దు గడిపేది. అది ఏడవకపోతే కడుపు నిండిందనుకునేవాళ్లం.

వార్డులోకి అడుగుపెడుతూ కొంగు నెత్తిమీదికి లాక్కున్నాను, తెలిసినవాళ్లెవరైనా చూస్తారని. పక్క మంచం మీద గోచీపెట్టి చీర కట్టిన ఒక ముసలామె కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఆ కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టిన పిల్లవాడి వీపు రాస్తూ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏ ఊరు బిడ్డా? కొంగు తియ్యి, ఉబ్బరిస్తున్నది. ఈడ సిగ్గువడేటోళ్లు ఎవ్వలు లేరు. అందరియి బక్క పోరగాండ్లే."

ఆ పిల్లవాడు ఆమె మనవడు. కొడుకూ కోడలూ చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర పోతే ఆ సీజనంతా వాడు ఆమె దగ్గరే. ఆమె కూలికి పోతే వాడూ పోయేవాడు. గట్టు మీద కూర్చోబెడితే కూర్చున్నచోటనే ఉండేవాడట. ఒకరోజు చూస్తే కాళ్లు బొద్దుగా కనిపించాయి.

"ఒళ్లు జేస్తుండు అనుకున్న బిడ్డా. సంబురపడ్డ. ఇరుగుపొరుగోళ్లకు గూడ చూపిచ్చిన, చూడుండ్రి మావోడు ఎట్లైతుండో అని. అది వాపు అని నాకేం ఎరుక?"

ఈ మాట ఆమె ప్రతి కొత్త తల్లికీ చెప్పేది. దాచుకోలేదు, ఏడుస్తూనూ చెప్పలేదు. చెప్పిన తర్వాత కాసేపు మాత్రం వాడి పాదాల మీద నుంచి చెయ్యి తీసేది కాదు.

వాపు దిగుతుంటే వాడి బరువు ఇంకా తగ్గింది. నర్సమ్మ ఎంత విడమరిచి చెప్పినా అవ్వ నమ్మలేదు. తప్పంతా బరువు చూసే మిషనుదేనని ఆమె తీర్పు. పొద్దున్నే వాడిని దాని మీద పండబెట్టి, "ఏందే, నిన్న గంత జూపిస్తివి, ఇయ్యాల గింతేనా? తిన్నది వాడా, నువ్వా?" అని నిలదీసేది. మిగతా తల్లులు నవ్వేవాళ్లు. నర్సమ్మ నవ్వు ఆపుకుని, చీటీ మీద రాసుకుని, "అవ్వా, దాన్ని తిడితే ఇంక తక్కువ జూపిస్తది" అనేది. అది విన్న మరునాటి నుంచి అవ్వ మిషనును ముందు చేత్తో నిమిరి, ఆ తర్వాతే పిల్లవాణ్ణి పండబెట్టేది.

నర్సమ్మతో ఆమెకు దినమూ గొడవే. చాయి పట్టొద్దంటే కొంగు చాటున పట్టేది. రొట్టె ముక్క పెట్టొద్దంటే నోట్లో నమిలి పెట్టబోయేది. పట్టుబడితే, "నువ్వు చెప్పింది నిజమేనమ్మా, నా చేతికి అలవాటు" అని ఒప్పేసుకునేది. రెండోసారి, మూడోసారి కూడా అలాగే ఒప్పుకుంది. ఒకరోజు నర్సమ్మకు నిజంగానే కోపం వచ్చింది. "వాడు బతకాలనా, వద్దా?" అంది. ఆ రోజు నుంచి అవ్వ తానే చాయి తాగడం మానేసింది. ఎందుకవ్వా అంటే, "నా చేతిల ఉంటె వానికి పోస్త. అసలే లేకపాయె ఏం బోస్త?" అంది.

ఆమె తినే తీరు మాత్రం నర్సమ్మ కూడా ఆపలేదు. తల్లులకు అన్నం వచ్చే వేళకు అవ్వ తన పళ్లెం తెచ్చుకుని వార్డు నడుమ నేల మీద కూర్చునేది. చుట్టూ మంచాల మీది పిల్లలకు కనబడేలా ఒక్కో బుక్క పెద్దగా కలిపి, ఎత్తి చూపించి, నోట్లో పెట్టుకుని చప్పరించేది. "అబ్బబ్బ, పప్పు. ఇది మీకియ్య" అని వేళ్లు నాకేది. ఆ పిల్లలు దేనివైపూ చూడని పిల్లలు. గిలక ఊపినా, పాట పాడినా కళ్లు గోడకే. కానీ ఆ చప్పుడుకు ఒకరూ ఇద్దరూ తల తిప్పడం నేను చూశాను. నా బిడ్డ కూడా తిప్పింది. నేను దాన్ని ఎత్తుకుని అవ్వ ఎదుట కూర్చోబెడితే, "ఇది దొంగ. దీనికి కొద్దికొద్దిగ తెలుస్తున్నది" అంది.

మొదటి వారంలోనే ఒక సంగతి జరిగింది. కామారెడ్డిలో ఏదో పెద్ద దుకాణం వాళ్లు తమ కొడుకు పుట్టినరోజని పళ్లూ రొట్టెలూ పంచడానికి వచ్చారు. పట్టుచీర కట్టుకున్న తల్లి, చంకలో పిల్లవాడు, వెనక ఫోను పట్టుకుని ఒక యువకుడు. అవ్వ మంచం దగ్గరికి రాగానే ఆమె పళ్ల సంచి అందించింది.

"ఎన్నేండ్లు తల్లీ బాబుకు?" అంది అవ్వ.

"ఇయ్యాల్నే రెండు నిండినయవ్వా."

"మావోనికి గూడ రెండే. సంక్రాంతికే నిండినయి."

అందరం చూశాం. చూడకుండా ఉండలేకపోయాం. ఒకడు తల్లి చంకలో నిలవక కిందికి జారుతున్నాడు. ఇంకొకడు మంచం మీద కూర్చోబెట్టినచోట కూర్చుని ఉన్నాడు. పీచులాంటి ఎర్రజుట్టు, ముసలి మొహం.

"ఒక్కపారి ఇటియ్యి తల్లీ, ఎత్తుకుంట" అని అవ్వ చేతులు చాపింది. ఆ తల్లి తటపటాయించింది గానీ పిల్లవాడు అవ్వ గాజుల మీద మోజుతో తానే దూకాడు. అవ్వ వాణ్ణి ఒళ్లో నిలబెట్టుకుని పిక్కలు పట్టి చూసింది, వీపు నిమిరింది, అరికాళ్లు తడిమింది. "పిల్లగాడంటె గిట్లుండాలె" అని మా అందరికీ చూపించింది. ఆ గొంతులో అసూయ ఉందేమోనని వెతికాను. లేదు. మంచి పంటను చూసిన మనిషి మాట్లాడినట్టే ఉంది. తర్వాత వాడి చెంపలు పుణికి మెటికలు విరిచింది. "తీస్కో తల్లీ. నా దిష్టే తగిలేటట్టున్నది."

ఫోను పట్టుకున్న యువకుడు "అందరు ఇటు చూడండ్రి" అన్నాడు.

అవ్వ మనవడి మొహానికి చెయ్యి అడ్డం పెట్టింది. "జర ఆగు నాయనా. మావోడు ఇంక నవ్వుతలేడు. వాడు నవ్వినంక వచ్చి తీస్కోండ్రి."

కోపంగా అనలేదు, బతిమాలినట్టే అంది. యువకుడు ఫోను దించాడు. పట్టుచీర తల్లి "వద్దులే" అని అతనికి చెప్పి మంచం అంచున కూర్చుంది. ఉబ్బిన ఆ చిన్న పాదం మీద చెయ్యి వేసింది. ఆమె వేలు ఒత్తినచోట గుంట పడి అట్లాగే ఉండిపోయింది. ఆమె భయపడి చెయ్యి తీసేసింది. "నొప్పి ఉంటదా అవ్వా?" అంది.

"ఏడుస్తలేడు. ఏడిస్తే బాగుండు" అంది అవ్వ.

వాళ్లు వెళ్లిపోయారు. ఆమె మళ్లీ ఒక్కతే వస్తుందని ఎందుకో అవ్వకు అనిపించింది. కొన్నాళ్లు తలుపు వైపు చూస్తూ ఉండేది. ఆమె రాలేదు.

మా ఇంటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. యాసంగి మక్కలు కోతకొచ్చాయి, మామయ్యకు నడుము పట్టేసింది, అత్తమ్మ ఒక్కతే చేయలేకపోతోంది. ఒక సాయంత్రం మా ఆయన ఆటో వేసుకునే వచ్చాడు.

"నడువు పోదాం. గీ పాలే గద, ఇంటికాడ తాపుకుందాం. బిడ్డ మంచిగనే ఉన్నది."

నాకూ మనసు ఇంటి మీదనే ఉంది. బట్టలు సర్దాను. తీరా సంచి కోసం చూస్తే దాని మీద అవ్వ కూర్చుని ఉంది.

"అవ్వా, లెవ్వు."

"లేస్త. మోకాళ్లు లేవనిస్తె లేస్త" అని మా ఆయన వైపు తిరిగింది. "కొడుకా, పాలు తాపే యాళ్లయింది. ఇంత దూరమొచ్చినవ్. ఈ ఒక్కపారి నువ్వు తాపు. గిన్నె ఒడిసినంక నేనే సంచి అందిస్త."

"గదెంత పని" అని ఆయన బిడ్డను ఒళ్లో పెట్టుకున్నాడు. మొదటి చెంచా పెదవి పక్కనుంచి కారిపోయింది. రెండోదీ అంతే. తర్వాత బిడ్డ తల పక్కకు తిప్పుకుంది. ఆయన చేతులు మార్చాడు, ముద్దు చేశాడు, గదమాయించాడు. నుదురు మీద చెమట పట్టింది.

"తాగుతలేదు" అన్నాడు చివరికి.

"తాగదు. ఆకలైతె గద తాగేటందుకు" అంది అవ్వ. "ఆకలి రుచెరుగదంటరు కొడుకా. ఈ పోరగాండ్లకు ఆ ఆకలే లేదు. అడిగి అడిగి, ఎవ్వలు పలుకకపోతె అది అలిగిపోయింది. అలిగి పోయినదాన్ని బతిలాడి తెచ్చుకోవాలె. పొద్దంత బతిలాడాలె. ఇంటికాడ నీకు గంత తీరికుంటదా? నీ పెండ్లానికి ఉంటదా?"

ఆయన కారిన పాలు తుడుద్దామని బిడ్డ రెట్ట పట్టుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ ఆ రెట్ట చుట్టూ తిరిగి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఆ వేళ్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత తొందరపడలేదు. చెంచా కొసతో చుక్క చుక్కగా పట్టాడు. గిన్నె అడుగు కనబడేసరికి వార్డులో లైట్లు వేశారు.

"మక్కలకు కూలోళ్లను వెడ్త. నువ్వుండు" అని నాతో చెప్పి, అవ్వకు దండం పెట్టి పోయాడు. అవ్వకు నిజంగానే మోకాళ్లు పట్టేశాయి. నేనూ ఇంకో తల్లీ చెరో రెక్క పట్టుకుని లేపాం.

ఆమె మనవడు నవ్వింది తర్వాతి వారంలో. అవ్వ కొంగు ముడిలో పొగాకు ఉండేది. ఒక మధ్యాహ్నం అది విప్పుతుంటే ముక్కులోకి పోయి గట్టిగా తుమ్మింది. వాడు ఉలిక్కిపడి, ఆమెను చూసి, కిలకిలా నవ్వాడు. వార్డంతా ఇటు తిరిగింది. అవ్వ కాసేపు వాడినే చూసి మళ్లీ తుమ్మింది, ఈసారి ఉత్తుత్తినే. వాడు మళ్లీ నవ్వాడు. వాడు అలసిపోయేదాకా తుమ్ముతూనే ఉంది. కళ్లు తుడుచుకుంటూ, "పొగాకు ఘాటు బిడ్డా" అంది నాతో. తర్వాత, "ఆ పట్టుచీర తల్లి ఇప్పుడు రావాలె" అంది.

వాళ్లు మాకన్నా ముందు ఇంటికి పోయారు. కొడుకు వచ్చి తీసుకుపోయాడు. ఆ రాత్రి వార్డులో ఎవరి పళ్లెం వాళ్లు మంచాల మీద పెట్టుకుని నిశ్శబ్దంగా తిన్నాం. నా బిడ్డ నేల నడుమ ఖాళీ చోటు వైపు చూస్తూనే ఉంది.

ఆ తర్వాత ఏటా పెసర్లు ఇంటికొచ్చే కాలంలో అవ్వ మనవణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చేది. గుమ్మంలోనే చిన్న పెసర్ల మూట దించి, నీళ్లైనా తాగకముందే మా బిడ్డను పిలిచి దాని రెట్ట పట్టి చూసేది. "ఆఁ" అని తలూపేది. నేను వాడి రెట్ట పట్టి చూడాలి. అది అయ్యాకే కూర్చునేది. ఉండమంటే ఉండేది కాదు. "కోడి ఉన్నది, మేక ఉన్నది" అంటూ సాయంత్రం బస్సుకే పోయేది. మాట్లాడుకోవడానికి వచ్చే ఏడు ఉంటుందిలే అనుకునేదాన్ని.

బస్సు తాడ్వాయి దాటాక నేను ఆమె కొడుకును అడిగాను, "పిలగాడెట్లున్నడు తమ్మీ?"

"మంచిగున్నడక్కా. బడికి పోతుండు. అచ్చరాలు రాస్తుండు." టిక్కెట్టు జేబులో పెట్టుకున్నాడు. "ఈసారి మాతోనే తోల్కపోతున్నం. అవ్వ లేదాయె. ఎవ్వలింట్ల ఇడుస్తం?"

చెరుకు కాడ ఎట్లుంటుందో అతనే చెప్పాడు. తెల్లవారకముందే లేచి పోవాలి. పొద్దున చేసిన రొట్టెలే రాత్రిదాకా. కొట్టిన చెరుకు పక్కన పిల్లలను పండబెడతారు. కాళ్ల దగ్గరి టార్పాలిన్ చుట్టను కాలితో సర్దుకుంటూ, "గుడిసె మీద కప్పేటందుకు కొన్న. నిరుడుది చినిగింది" అన్నాడు.

మనవాళ్లు కానివాళ్లను బిడ్డను ఇమ్మని అడగడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. లింగంపేట దాటాక అడిగాను.

"తమ్మీ, పిలగాన్ని నా తాన ఇడ్సుర్రి. మా పాపతోని బడికి పోతడు. మీరొచ్చినంక తోల్కపోండ్రి."

అతను నా మొహం చూశాడు. మాటవరసకు అంటున్నానా అని చూసినట్టుంది. "దాన్ని అడగాలక్కా. తల్లి గదా" అన్నాడు. నా ఫోన్ నంబరు తీసుకున్నాడు. నేను దిగుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి, "నిజంగనే అంటున్నవా అక్కా?" అని మళ్లీ అడిగాడు.

ఇంట్లో చెబితే అత్తమ్మ మొదట అడిగింది కులం గురించే, "ఏమోళ్లు?"

"ఆ అవ్వ నన్ను ఎన్నడు అడుగలే అత్తమ్మా" అన్నాను.

ఆమె కాసేపటికి వంటింట్లోంచి, "పిలగాడు రొట్టె తింటడా, బువ్వ తింటడా?" అంది. మా ఆయన ఎప్పుడొస్తారని మాత్రం అడిగాడు.

ఆదివారం ముగ్గురూ వచ్చారు. ఆ తల్లిని నేను చూడడం అదే మొదలు. నా కన్నా చిన్నది. కొడుక్కి నూనె రాసి, పాపిడి తీసి, ఉన్నవాటిలో మంచి అంగీ వేసి తెచ్చింది. మా ఇంట్లో అన్నం తింటున్నంతసేపూ తలెత్తలేదు. బస్టాండుకు నడుస్తుంటే నా పక్కకు వచ్చి, "కుక్కలకు భయపడతడక్కా" అంది. కొంత దూరం పోయాక, "రాత్రి లేచి నీళ్లడుగుతడు" అంది.

బస్సు కిటకిటలాడుతూ వచ్చింది. భర్త ఆమెను పైకి లాగాడు. ఆమె వాణ్ణి ఎత్తుకోలేదు, ముద్దు పెట్టుకోలేదు. అట్లా చేస్తే ఎక్కలేనని తెలిసినట్టుంది. వాడు ఏడవకుండా నా వేలు పట్టుకుని నిలబడ్డాడు.

అవ్వ కూడా ఏటేటా ఇట్లాగే నిలబడి ఉంటుంది, వాళ్ల ఊళ్లో, వీడి చెయ్యి పట్టుకుని. బండి పోయాక వీడికి ఏం చెప్పేదో, ఇల్లు చేరేదాకా ఎట్లా మాట్లాడుకుంటూ నడిచేదో నేను ఏనాడూ అడగలేదు. ఇప్పుడు అడగాలని ఉంది. ఆ ఒక్కటే కాదు, ఇంకెన్నో అడగాలని ఉంది. ఒక్కసారి వచ్చి కాళ్లు చాపుకుని మా గుమ్మంలో కూర్చుంటే చాలు.

"మా అమ్మ గూసున్న కిటికీ ఏది?" అన్నాడు వాడు.

బస్సులో నిలబడినవాళ్లే ఎక్కువ. ఎక్కడని వెతకను? ఎర్రచీర అంచు కనబడిన ఒక కిటికీ చూపించాను. అది ఆమె కిటికీ అవునో కాదో నాకు తెలియదు. బస్సు మలుపు తిరిగేదాకా వాడు ఆ కిటికీకే చెయ్యి ఊపాడు.